పసిపిల్లల నోటిమాట: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పాఠశాల అనగానే మన పంచాయతీ సమావేశములలో మొదట ప్రస్తావనకు వచ్చునవి గోడలు, పైకప్పు, మంచినీరు, మరుగుదొడ్లు, ప్రహరీ. ఇవి అన్నియు కావలసినవే. వీటిని గురించి తీర్మానము వ్రాయుట తేలిక. ఖర్చు లెక్క కట్టవచ్చును. పని పూర్తియైన పిదప ఛాయాచిత్రము తీయవచ్చును. మేము ప్రచార శాఖ వారము గనుక అట్టి ఛాయాచిత్రములు ఎన్నియో అచ్చు వేసినాము. నేడు మేము మాట్లాడదలచిన విషయము ఛాయాచిత్రమునకు అందనిది. ఒకటవ తరగతిలోను, రెండవ తరగతిలోను కూర్చున్న ఐదారేండ్ల పిల్లలు రోజు మొత్తములో ఎంతసేపు నోరు విప్పి మాట్లాడుచున్నారు, ఎవరితో మాట్లాడుచున్నారు, ఏ భాషలో మాట్లాడుచున్నారు అనునదే ఆ విషయము.

ఇది ఉపాధ్యాయుల పని, ఇందులో పంచాయతీకి ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చును. చట్టము మాట మొదటనే చెప్పి ముగించెదము. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య అందులో 17వది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము, పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతుల మంది తల్లిదండ్రులు లేక సంరక్షకులు ఉండవలెననియు, సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెననియు విధించినది. స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధులకు కూడ ఆ కమిటీలో చోటు కల్పించినది.

చట్టముకంటె బలమైన కారణము వేరొకటి ఉన్నది. అది ఊరి మెప్పు. బడి ముందుగా పోవు పెద్దమనిషి ఒక్క క్షణము ఆగి చెవి యొగ్గును. లోపల చప్పుడు లేకున్నచో, “ఈ మాష్టారు గట్టివారు, పిల్లలు కిక్కురుమనరు” అని మెచ్చుకొనును. సందడి వినబడినచో, “బడి కాదిది, సంత” అని పెదవి విరుచును. ఈ మాట సాయంకాలములోగా రచ్చబండకు చేరును. మరునాటికి ఉపాధ్యాయుని చెవిని పడును. పిల్లలచేత మాట్లాడింపవలెనని శిక్షణలో నేర్చుకొని వచ్చిన యువ ఉపాధ్యాయిని సైతము ఊరిలో మంచి పేరు తెచ్చుకొనవలెనన్నచో బెత్తము లేకుండనే పిల్లల నోరు మూయించుటకు అలవాటు పడును. అందువలన ఆ తరగతి గదిలోని నిశ్శబ్దమునకు కొంత కర్తృత్వము గ్రామ పెద్దలకు కూడ చెందును.

ఆ నిశ్శబ్దమువలన ఏమి నష్టము? ఐదేండ్ల బిడ్డ బడికి వట్టిచేతులతో రాడు. ఒక నిండు భాషను వెంట తెచ్చుకొనును. మన తెలుగులో “మేము” వేరు, “మనము” వేరు. ఎదుటివానిని కలుపుకొన్నచో మనము, కలుపుకొననిచో మేము. ఈ భేదము లేని భాషలు లోకములో ఎన్నియో కలవు. అట్టి భాషలవారు పెద్దయైన పిదప తెలుగు నేర్చుకొన్నచో ఇచ్చట తడబడుదురు. మన పల్లెలోని ఐదేండ్ల బిడ్డ తడబడదు. “మేము జాతరకు పోతున్నాము, మీరు రావద్దు” అనును. “మనం ఆడుకుందాం రా” అనును. ఎవ్వరును దానికి పాఠము చెప్పలేదు. క్రియలోని కాలములు, లింగ వచనములు, “వస్తే”, “వచ్చినా”, “రాకపోతే” అను షరతులు అన్నియు తల్లి ఒడిలో, వాకిట్లో, పశువుల పాకలో, తోటిపిల్లలతో కలహములలో నేర్చినది. మాట్లాడుచు మాట్లాడుచు నేర్చినది. ఇంత నేర్చిన నోటిని బడిలో చేరిన మొదటి దినముననే “నోటిమీద వేలు” అని మూయించుచున్నాము.

బ్రిటనులో టిజార్డ్, హ్యూజ్ అను ఇద్దరు పరిశోధకులు నాలుగేండ్ల ఆడపిల్లలు 30 మంది మాటలను ఇంటిలోను, శిశుపాఠశాలలోను నమోదు చేసి 1984లో గ్రంథముగా వెలువరించిరి. ఆ పిల్లలలో సగము మంది కూలి పనివారి కుటుంబములవారు. ఇంటిలో ఆ బిడ్డలు గంటకు సగటున 26 ప్రశ్నలు అడిగిరి. బడిలో అడిగినవి గంటకు 2. పెద్ద చదువులు లేని తల్లి అంట్లు తోముకొనుచు, బట్టలు ఆరవేయుచు బిడ్డతో జరుపు సంభాషణ, శిక్షణ పొందినవారు నడుపు బడిలోని సంభాషణకంటె గొప్పగా ఉన్నదని వారు చూపిరి. దేశము వేరైనను ఈ సంగతి మన తల్లులు వినదగినది. “మేము చదువుకోలేదు, బిడ్డకు ఏమి చెప్పగలము” అని కించపడువారు మన గ్రామములలో ఎందరో కలరు.

మాట్లాడనిచ్చుట ముచ్చట కొరకు కాదు. చదువుట, వ్రాయుట దాని మీదనే నిలుచును. అక్షరములు నేర్చిన బిడ్డ “అ, ర, క” అని ఒక్కొక్కటిగా కూడబలుకుకొనుచున్నాడనుకొనుడు. మూడవ అక్షరము పలుకుసరికి వాని ముఖము వికసించును. అరక వాని ఇంటి చూరు క్రిందనే ఉన్నది. ఆ మాట వాని చెవిలో ఎన్నడో పడినది. అదే బిడ్డ “కొ, ల, ను” అని కూడబలికినపుడు అక్షరములన్నియు సరిగానే పలుకును, ముఖములో మార్పు ఉండదు. వాడు విన్నది చెరువు, కుంట, మడుగు. కొలను వినలేదు. కంటికి కనబడిన మాట చెవికి తెలిసిన మాటతో కలిసినప్పుడే చదువు అగును. 2021 జూలై 5న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమము, 2026-27 నాటికి ప్రతి బిడ్డయు మూడవ తరగతి ముగియులోగా అర్థము తెలిసి చదువగలుగవలెనని లక్ష్యము పెట్టినది. ఆ కార్యక్రమములో సైతము నోటిభాషకు ప్రత్యేక స్థానము ఇచ్చినారు. ఇంటింటికి తిరిగి అక్షరములు వచ్చినవా లేదా అని అడుగుచున్న మనము, మాట వచ్చినదా అని అడుగుట మరచుచున్నాము.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. ముప్పదిమంది పిల్లలు ఒక్క గొంతుతో పద్యము చెప్పుట, ఎక్కము అప్పగించుట మాటాడుట కాదు. అది కంఠస్థము. దానికి దాని విలువ కలదు. కాని ఆ గుంపులో పెదవులు మాత్రమే కదలించు బిడ్డ ఎవడో ఎవరికిని తెలియదు. తన మాటను తానే కూర్చుకొని, ఎదుటివానికి తెలియని సంగతిని తెలియజెప్పుట మాటాడుట. దానికి కాలము కావలెను. లెక్క వేసి చూడుడు. తరగతిలో 30 మంది పిల్లలు, పాఠము 40 నిమిషములు. ఉపాధ్యాయుడు తాను ఒక్క మాటయు పలుకక ఒక్కొక్క బిడ్డచేత వరుసగా చెప్పించినను, ఒక్కొక్కరికి వచ్చునది 80 సెకనులు. అదే పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చుండబెట్టి, “నిన్న మీ ఇంట్లో ఏమి వండినారో నీ స్నేహితునికి చెప్పు, తరువాత వాడు నీకు చెప్పును” అన్నచో, ఒకేసారి పదునైదుమంది మాట్లాడుదురు, పదునైదుమంది విందురు. పది నిమిషములలో ప్రతి బిడ్డకును ఐదేసి నిమిషములు దక్కును. అయితే ఆ పది నిమిషములు బడి సంతవలెనే ఉండును. మీరు దారిన పోవుచు విను సందడి అదియే కావచ్చును. కేవలము అల్లరి కూడ కావచ్చును, కాదనము. తలుపు దగ్గర రెండు నిమిషములు నిలిచినచో ఏది ఏదియో తెలియును. అల్లరిలో పిల్లలు ఒకరినొకరు వినరు.

ఉపాధ్యాయులు ప్రశ్న వేయు తీరు గురించి కూడ రెండు మాటలు. “ఇది ఏమి?” అన్నచో “ఆవు” అని ఒక్క మాటతో సరి. “ఆవు ఈనినప్పుడు మీ ఇంటిలో ఏమి చేసినారు?” అన్నచో బిడ్డకు ఒక కథయే చెప్పవలసి వచ్చును. ప్రశ్న వేసి ఊరకుండుట కూడ ఒక విద్య. అమెరికాలో మేరీ బడ్ రో అను విద్యావేత్త తరగతి గదులలోని సంభాషణలను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుచున్నారని 1970లలో వెల్లడించిరి. మూడు సెకనులు ఆగినచో పిల్లల సమాధానములు పొడవైనవి; అంతవరకు నోరెత్తని పిల్లలు సైతము పలికిరి. మూడు సెకనులకు ఖర్చు లేదు, టెండరు లేదు. కాని ఎంత కష్టమో మాకు తెలియును. ప్రచారోద్యోగులమైన మాకు నిశ్శబ్దమన్నచో భయము. సభలో ఎవరైన ఒక్క క్షణము ఆలోచించినచో ఆ సందులో మరొక నినాదము చొప్పింతుము.

బిడ్డ తప్పు మాటాడినపుడు దిద్దు పద్ధతియు గమనింపదగినదే. పసిబిడ్డ “కుక్క పిల్లి పరుగు” అన్నచో తల్లి “తప్పు” అనదు. “ఔనురా, నల్లకుక్క మన పిల్లిని తరుముతూంది గదూ” అనును. బిడ్డ చెప్పినదానిని ఒప్పుకొని, దానినే నిండు వాక్యముగా తిరిగి యిచ్చును. ఇంతకంటె మంచి పద్ధతిని ఏ శిక్షణ కళాశాలయు కనుగొనలేదు.

ఇక భాషలోని భేదముల మాట. వాచకములో వేరుశనగ మొక్క బొమ్మ ఉన్నదనుకొందము. కర్నూలు పల్లె బిడ్డ దానిని చూచి “బుడ్డలు” అనును. కోస్తా బిడ్డ “శనక్కాయలు” అనును. తెలంగాణము నుండి వచ్చి మీ ఊరిలో చేరిన బిడ్డ “పల్లీలు” అనును. “తప్పు, వేరుశనగ” అని కసరినచో బిడ్డ నేర్చినది వేరుశనగ అను మాట కాదు. తన ఇంటి మాట బడిలో పనికిరాదని నేర్చినది. “ఔను, మనము బుడ్డలందుము. పుస్తకములో వేరుశనగ అని వ్రాసినారు. మరియొక చోట పల్లీలందురు” అన్నచో ఒక్క కాయకు మూడు మాటలు వచ్చినవి. బిడ్డ చిన్నబోలేదు. యాసను వెక్కిరించు అలవాటు బడిలో పుట్టదు. పెద్దల మాటలలో పుట్టి బడికి పోవును. విద్యాహక్కు చట్టము 17వ సెక్షను శరీర దండనతో పాటు మానసిక వేధింపును కూడ నిషేధించినది. పసిబిడ్డ పలుకును పదిమందిలో ఎగతాళి చేయుట అట్టి వేధింపు కాదని ఎవరు చెప్పగలరు?

ఇంతకంటె గడ్డు సమస్య, ఇంటిలో తెలుగే మాట్లాడని బిడ్డలది. తండాలో పెరిగిన లంబాడీ బిడ్డకు అమ్మ “యాడి”, నీరు “పాణి”. మన్యములోని సవర బిడ్డ భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో దానికి చుట్టరికము లేదు. కోయ, కువి, కొండ భాషలు తెలుగుకు దూరపు బంధువులు, అంతే. కుప్పము దిక్కున తమిళము, మడకశిర దిక్కున కన్నడము, ఇచ్ఛాపురము దిక్కున ఒడియా, పట్టణముల చెంత ఉర్దూ ఇండ్లలో మాట్లాడువారు కలరు. ఇటుక బట్టీలలో పనికి ఒడిశా నుండి వచ్చు కుటుంబముల పిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్చు బాధ్యతను విద్యాహక్కు చట్టము స్థానిక సంస్థ మీదనే పెట్టినది. వారిని చేర్చుకొని ఒక మూల కూర్చుండబెట్టుటతో ఆ బాధ్యత తీరునా?

అట్టి బిడ్డ బడిలో చేరిన తరువాత కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, నోరు విప్పకపోవచ్చును. వాడు వినుచున్నాడు, కొత్త భాషను లోలోపల కూడబెట్టుకొనుచున్నాడు. ఇది తెలియనివారు వానికి “మొద్దు” అని పేరు పెట్టుదురు. ఆ పేరు మూడవ తరగతి వరకు వెంబడించును. ఆ పిమ్మట బడియే వానిని విడిచిపెట్టును, లేక వాడు బడిని విడిచిపెట్టును. తన తండాలో మేకలను లెక్కపెట్టి, తప్పిపోయిన దాని గుర్తులు అన్నియు వర్ణించి చెప్పగల బిడ్డ బడిలో మొద్దు ఎట్లయ్యెను?

ఈ సంగతిని మన వారిలో అందరికంటె ముందు కనిపెట్టినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, కొండలలోని సవరల భాషను వారివద్దనే నేర్చుకొనిరి. సవర పిల్లలకు వారి భాషలోనే పాఠములు చెప్పవలెనని బడులు పెట్టి, వాచకములు రచించిరి. ఆయన సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను ముద్రితమైనవి. వాడుక తెలుగు కొరకు ఆయన చేసిన పోరాటమును మనము ఏటేట ఆగస్టు 29న తలచుకొనుచున్నాము. ఆ రెండు పనులకు మూలము ఒక్కటే అను సంగతి మాత్రము అంతగా తలచుకొనుట లేదు. బిడ్డ నోటనున్న మాటయే చదువునకు మొదటి మెట్టు అని ఆయన నమ్మిక.

రాజ్యాంగము 1956లో చేరిన 350ఎ అధికరణము ద్వారా, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకు, రాష్ట్రములోని ప్రతి స్థానిక సంస్థకు చెప్పినది. స్థానిక సంస్థ అను మాటను గమనింపుడు. ఉమ్మడి రాష్ట్రములో 2004 నుండి సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అను ఎనిమిది భాషలలో పిల్లలకు తొలి పాఠములు చెప్పు కార్యక్రమము ఆరంభమైనది. ఆయా గూడెముల యువకులే బోధకులైరి. పాటలు, కథలు ఆ గూడెముల పెద్దలే చెప్పిరి. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము కూడ, వీలున్న చోటనెల్ల కనీసము ఐదవ తరగతి వరకు ఇంటిభాష బోధనా భాషగా ఉండవలెనని పేర్కొన్నది.

అంత పెద్ద ఏర్పాటు ప్రతి పంచాయతీకి సాధ్యము కాదు. సాధ్యమైనది ఒకటి ఉన్నది. తండా నుండి పిల్లలు వచ్చు బడిలో ఉభయ భాషలు తెలిసిన ఒక తల్లియో, ఒక అక్కయో జూను మాసములో బడి తెరచిన మొదటి కొన్ని వారములు ప్రతిదినము ఒక గంట కూర్చుండునట్లు ఏర్పాటు చేయవచ్చును. బిడ్డకు దాహమైనదో, కడుపునొప్పియో, బొమ్మలోనిది ఏమియో తన భాషలో చెప్పుకొనుటకు ఒక మనిషి ఉండును. ఉపాధ్యాయుడు కూడ ఆమె వద్ద పది ఇరువది మాటలు నేర్చుకొనవచ్చును. మాష్టారు తమ మాట పలుకుటకు తంటాలు పడుచుండగా చూచి పిల్లలు నవ్వుదురు. నవ్విన బిడ్డ తరువాత మాట్లాడును.

ఇంగ్లీషు సంగతి అడుగకుండ మీరు మమ్ములను వదలరు. బిడ్డకు ఇంగ్లీషు రావలెనను తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే. దానిని చులకన చేయుట మా ఉద్దేశము కాదు. అయితే కొందరు తల్లులు బిడ్డ బాగుపడునని ఇంటిభాష మాని, తమకే సరిగా రాని భాషలో రెండు ముక్కలు మాట్లాడి ఊరకుందురు. సవర ఇంటిలో తెలుగుకును, తెలుగు ఇంటిలో ఇంగ్లీషుకును ఇదే తంతు. దీనివలన బిడ్డకు రెండవ భాష రాదు సరికదా, మొదటి భాషలో వినవలసిన వేయి ముచ్చట్లు పోవును. కారణము చెప్పుట, పోల్చుట, కథను మొదటి నుండి చివరకు నడుపుట ఒక భాషలో అలవడినచో రెండవ భాషలోనికి అవి వెంట వచ్చును. తల్లి తనకు వచ్చిన భాషలోనే కడుపార మాట్లాడవలెను. ఈ మాట గ్రామసభలో మీరు చెప్పినచో మేము పదివేల కరపత్రములు పంచినదానికంటె ఎక్కువ పని జరుగును.

మాట్లాడని ప్రతి బిడ్డయు భాషవలననే మాట్లాడుట లేదని అనుకొనరాదు. కొందరికి వినబడదు. పల్లెలలో పిల్లలకు చెవి నుండి చీము కారుట సామాన్యమని ఊరకుందురు. నూనె కాచి పోయుదురు. నూనె పోయరాదు, వైద్యునికి చూపవలెను. చెవి మందగించిన బిడ్డ వెనుక వరుసలో కూర్చుండి, పిలిచినను పలుకక, మొండివాడని దెబ్బలు తినును. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద సంచార వైద్య బృందములు అంగన్వాడీ కేంద్రములకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షింపవలెను. వినికిడి లోపము, మాట ఆలస్యము ఆ పరీక్షలో చేరియున్నవి. బృందము వచ్చు తేదీని ముందుగా తెలిసికొని దండోరా వేయించుట, ఆ దినమున కూలికి పోవు తల్లులు బిడ్డలను వెంట తీసికొనిపోకుండ చూచుట పంచాయతీ చేయగల పని. జిల్లా కేంద్రమునకు చూపించుకొమ్మని వ్రాసిన కాగితము ఎన్ని ఇండ్లలో చూరున చెక్కి ఉన్నదో ఒకసారి విచారింపుడు. నత్తి గల బిడ్డ మాట్లాడునపుడు వాని వాక్యమును మనము పూర్తి చేయరాదు. వాని ముఖము చూచుచు ఆగవలెను.

ఊరిలోని పెద్దల గొంతు బడిలో వినబడుట లేదను సంగతి కూడ చెప్పవలెను. మన తెలుగువారిలో కథ చెప్పువానికి ఎదుట ఒకడు “ఊఁ” కొట్టవలెను. ఊఁ ఆగినచో కథ ఆగును. నిద్రలోనికి జారుచున్న బిడ్డ చివరి వరకు ఊఁ కొట్టి, “తరువాత?” అని అడుగును. వినుట అనునది నోరు మూసికొని కూర్చుండుట కాదని మన అవ్వలకు తెలిసినంతగా మన పాఠశాలలకు తెలియదు. గుజరాతులో గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించిరి. ఆయన “దివాస్వప్న”లోని ఉపాధ్యాయుడు తరగతిలో తొలి దినములలోనే చేపట్టిన పని కథ చెప్పుట. పై అధికారులకు ఇది పాఠమువలె తోచదు. పిల్లలు మాత్రము బడికి పరుగెత్తుకొని వత్తురు. మీ ఊరిలో బుఱ్ఱకథ చెప్పినవారు, తోలుబొమ్మలాట ఆడించినవారు, పొడుపుకథలు తెలిసిన ముసలమ్మలు, కుండలు చేయువారు, చేపల వలలు అల్లువారు లేకపోలేదు. వారానికి ఒక్కరు అరగంట వచ్చి, పని చేసి చూపి, పిల్లల ప్రశ్నలకు సమాధానము చెప్పినచో ఆ వారమంతయు పిల్లలకు మాటలాడుటకు సరుకు దొరకును. వచ్చినవారికి ఒక శాలువా కప్పవలెనని, వేదిక వేయవలెనని తలపెట్టకుడు. వేదిక వేసినచో ఉపన్యాసము పుట్టును. చాపమీద కూర్చుండనిండు.

గదుల సంగతి కొంత మీ చేతిలో ఉన్నది. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడచు బడులు మనకు ఎన్నియో కలవు. ఒక మూల ఎక్కములు, ఒక మూల పద్యము సాగుచుండగా ఒకటవ తరగతి బిడ్డ సన్నని గొంతు ఎవరికి వినబడును? రేకుల కప్పు మీద వాన పడినచో పాఠమే ఉండదు. వరండాకు నేల సరిచేయించుట, చెట్టు క్రింద అరుగు కట్టించుట, నాలుగు చాపలు కొనుట, బడి వేళలలో ప్రక్కనున్న గుడి, మసీదు, చర్చి మైకులను, పిండిమర మోతను గురించి ఆయా పెద్దలతో మంచి మాటలతో మాట్లాడుట గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చుకొనదగిన పనులు. చివరిదానికి డబ్బు అక్కరలేదు, నేర్పు కావలెను.

మీరు బడికి పోవునపుడు తనిఖీదారుల వలె పోవలదు. సర్పంచిగారు గడపలో కాలు పెట్టగానే పిల్లలు లేచి నిలుచుట, ఉపాధ్యాయుడు తెలివైన బిడ్డను ముందుకు పిలిచి పద్యము చెప్పించుట, సర్పంచిగారు తల నిమిరి బిస్కట్లు పంచుట మనము ఎరిగినదే. ఆ బిడ్డ ఎప్పుడైనను చెప్పును. మేము చూచిన ఒక గ్రామములో వార్డు సభ్యురాలు ఒకామె అట్లు చేయలేదు. ఆమె గొఱ్ఱెల పెంపకము చేయు కుటుంబమువారు. పోయి వెనుక వరుసలో ఇద్దరు పిల్లల నడుమ క్రింద కూర్చుండెను. ప్రక్కనున్న పిల్ల ఆ ఏడు అంతయు నోరు విప్పలేదని ఉపాధ్యాయిని ముందే చెప్పినది. సభ్యురాలు ఆ పిల్లను పేరు అడుగలేదు, ఎక్కము అడుగలేదు. “మా గొర్రె ఒకటి ఈని, పిల్లను దగ్గరకు రానీయడం లేదు. మీ నాయన ఏం చేస్తాడు?” అని తన ఇంటి కష్టము చెప్పుకొన్నట్లు అడిగి ఊరకుండెను. మూడు సెకనులు కాదు, చాలసేపు ఊరకుండెను. ఆ పిల్ల మొదట నేలను చూచినది. తరువాత, తల్లిగొఱ్ఱెను ఎట్లు పట్టుకొనవలెనో, పిల్లను ఎట్లు కుడుపవలెనో, మొదట వాసన చూడనిచ్చి అప్పటికిని కాలితో తన్నినచో ఏమి చేయవలెనో, రాత్రి రెంటిని ఒకే తడిక చాటున ఎందుకు కట్టవలెనో వరుస తప్పక చెప్పినది. “ముందు”, “అప్పుడు”, “అట్లా చేయకపోతే”, “ఎందుకంటే” అను మాటలన్నియు అందులో వచ్చినవి. పెద్ద తరగతులలో విజ్ఞానశాస్త్రము, గణితము చెప్పించుకొనుటకు కావలసిన మాటలు అవియే. తోటిపిల్లలు వెనుకకు తిరిగి వినిరి. ఒకడు “పిల్ల బతికిందా?” అని అడిగెను. ఉపాధ్యాయిని మరునాడు ఆ మాటలనే నల్లబల్లమీద వ్రాసి, ఆ పిల్లచేతనే చదివించినదని తరువాత తెలిసినది.

మీరును అట్లే వెనుక వరుసకు పొండు. మీకు నిజముగ తెలియని సంగతి ఏదైన అడుగుడు. తెలిసి అడిగినచో పిల్లలు పసిగట్టుదురు. తిరిగి వచ్చునపుడు ఉపాధ్యాయునితో, “మీ బడిలో పిల్లలు బాగుగ మాట్లాడుచున్నారు” అని పదిమంది వినునట్లు చెప్పుడు. రచ్చబండకడ కూడ ఆ మాటయే అనుడు. వచ్చే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశములో మార్కుల పట్టికతో పాటు, ఒకటవ, రెండవ తరగతులలో ఇంకను నోరు విప్పని పిల్లలు ఎందరు, వారి ఇంటిభాష ఏది, వారి చెవులను పరీక్షించినారా అను మూడు ప్రశ్నలు అడిగి నమోదు చేయింపుడు. పేర్లు గోడకు అంటింపవలదు.

మాకు ఇచ్చిన కాలము ఇంకను పావుగంట మిగిలియున్నది. తండాల నుండి, కొండ గ్రామముల నుండి వచ్చిన సభ్యులు వెనుక వరుసలలో కూర్చుండియున్నారు. వారి బడులలో పరిస్థితి ఎట్లున్నదో మొదట వారు చెప్పవలెనని కోరుచున్నాము.